బొగ్గు యార్డు కళాసీ పాస్ ఫొటో

మా వీధి చివరింట్లో ఒక అమ్మాయి ఉంది. డిగ్రీ అయ్యాక కెమెరా కొనుక్కుని పెళ్ళిళ్ళకీ బారసాలలకీ ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. మొన్న ఒకరోజు పొద్దున్నే వచ్చి, "తాతగారూ, మనిషి మొహానికి ఏ మీటరింగ్ పెట్టాలి? ఒక్కొక్కళ్ళు ఒక్కోటి సెప్తన్నారు" అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పవచ్చు. చెప్పలేదు. "రాసిస్తానమ్మా, నాలుగు రోజులాగి రా" అన్నాను. పెద్దాయనకి మతిమరుపు వచ్చిందనుకుని ఉంటుంది. మర్యాదగా తలూపి వెళ్ళిపోయింది.

నాకు మతిమరుపు లేదు. ఉన్నా లాభం ఉండదు, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాశాను. ఆ రోజు ఎంతమందికి ఫొటో తీశానో, కెమెరాను ఎలా అమర్చానో, వాన పడిందో లేదో, క్యారేజీలో ఏం కూర వచ్చిందో, అన్నీ ఉంటాయి. డైరీలన్నీ బీరువాలో వరసగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం విడిగా, దుప్పట్ల కింద ఉంది. ఆ అమ్మాయికి రాసివ్వాల్సిన జవాబు అందులోనే ఉంది కాబట్టి దాన్ని బయటికి తీశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. చదివి సంతోషించేది మాత్రం ఏమీ లేదు.

ముందు మీటరింగ్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఉంటుంది. అది ఎదురుగా కనిపించేదంతా చూసి కొలవడం ఒక పద్ధతి. నడిమి భాగానికి ఎక్కువ విలువిచ్చి కొలవడం రెండోది. ఒక చుక్కంత చోటు మాత్రమే చూసి కొలవడం మూడోది, దాన్నే స్పాట్ అంటారు. ఏ పద్ధతిలో కొలిచినా మీటరుకి ఒకటే నమ్మకం: తను చూస్తున్నది బూడిదరంగులో ఉందని. సున్నం వేసిన గోడను చూపిస్తే దాన్ని మసకబార్చి బూడిదరంగు చేస్తుంది. బొగ్గుగుట్టను చూపిస్తే దాన్ని తెల్లబరిచి బూడిదరంగు చేస్తుంది. ఇది గోడ, ఇది బొగ్గు అని చెప్పాల్సింది కెమెరా వెనకున్న మనిషి. అది చెప్పడానికే అతనికి జీతం ఇస్తారు. నాకూ ఇచ్చారు.

రేవులో సరుకు ఎగుమతి దిగుమతులు చూసే ఒక కంపెనీలో, గేటు పాసులు ఇచ్చే సెక్షన్లో నేను ఫొటోగ్రాఫర్ని. ఫొటోగ్రాఫర్ అంటే పెద్ద మాట. వన్ టౌన్ వైపు గేటు పక్కన ఒక రేకుల గది, అందులో ఒక స్టూలు, స్టూలు వెనక గోడకి తెల్ల దుప్పటి, అటూ ఇటూ రెండు ట్యూబులైట్లు, స్టాండు మీద కెమెరా. లోపలికి వచ్చిన మనిషి స్టూలు మీద కూర్చుంటాడు, గడ్డం ఎత్తమంటాను, నొక్కుతాను, లేస్తాడు. సరుకు మోసే కళాసీలు, లారీ డ్రైవర్లు, క్రేన్ ఆపరేటర్లు, ఆఫీసు గుమస్తాలు, అందరూ ఆ స్టూలు మీద నుంచే రేవులోకి వెళ్ళేవారు.

మొదట్లో నేను మొత్తం చూసి కొలిచే పద్ధతే వాడేవాణ్ణి. వెనక తెల్ల దుప్పటి కదా, దాన్ని చూసి మీటరు వెలుగు ఎక్కువుందనుకునేది. దాంతో మొహాలన్నీ నల్లగా వచ్చేవి. ఎండలో, ఉప్పుగాలిలో పనిచేసే మనుషులు సహజంగానే నలుపు. పాసు మీద వాళ్ళకి కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ మిగిలేవి కావు.

మా సెక్షన్లో ఒక గుమస్తా ఉండేవాడు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. చుట్టరికం ఏమీ లేదు, ఐనా మొదటి రోజు నుంచీ బావా అనే పిలిచేవాడు. పాసులకి ప్లాస్టిక్ తొడుగు వేసే పని అతనిది. ఒకరోజు ఒక కట్ట నా బల్ల మీద పడేసి, "ఏటి బావా, మనుసులకి తీత్తన్నావా, ఎనకాల దుప్పటికి తీత్తన్నావా? దుప్పటి మాత్రం బెమ్మాండంగా వచ్చింది" అన్నాడు.

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ మాట గుచ్చుకుంది. అన్నీ పద్ధతిగా చేస్తాడని పేరున్నవాణ్ణి. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "రేపటి నుంచి స్పాట్. చుక్క చెంప మీద."

మర్నాటి నుంచి చుక్కను చెంప మీద పెట్టి కొలిచాను. నల్లని చెంపను చూసి మీటరు తన ధర్మం ప్రకారం దాన్ని బూడిదరంగు దాకా తెల్లబరిచింది. చామనఛాయ మనిషి పసుపు రాసుకున్నట్టు వచ్చాడు. నల్లని మనిషి చామనఛాయలోకి వచ్చాడు. ఇంకా నల్లని మనిషి ఎవరో వేరే మనిషిలా వచ్చాడు. పాసులు చేతిలో పడగానే కళాసీలు ఒకళ్ళది ఒకళ్ళు లాక్కుని చూసుకునేవారు.

"ఒరే, నీకిది పెళ్ళిసూపులకి పంపొచ్చురా."

"సారు సెయ్యి మంచిదిరా. మా అమ్మ కన్నదానికన్నా ఎర్రగా తీసినారు."

ఒకతను పాసు జిరాక్సు తీయించి ఇంట్లో దేవుడి పటం పక్కన అంటించుకున్నాడట. గుమస్తా కూడా మెచ్చుకున్నాడు. ఆ వారం డైరీలో "అందరికీ తృప్తి" అని మూడు చోట్ల రాశాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ గదిలో వెలుగు ఎప్పుడూ మారదు. అదే ట్యూబులైట్లు, అదే స్టూలు, అదే దూరం. నా సొరుగులో బూడిదరంగు అట్టముక్క ఒకటి ఉండేది, వెలుగు కొలవడానికే చేసింది. దాన్ని స్టూలు మీద నిలబెట్టి ఒక్కసారి కొలిచి, ఆ అంకెల్ని అలాగే బిగించేస్తే నల్లనివాడు నల్లగా, తెల్లనివాడు తెల్లగా, ఎవరి మొహంతో వాళ్ళు వస్తారు. పది నిమిషాల పని. లేదా స్పాట్‌లో కొలిచి, నల్లని మొహానికి వెలుగును ఒక మెట్టో రెండు మెట్లో కిందికి దించినా సరిపోయేది. నాకు రెండూ తెలుసు. తెలిసీ చేయలేదు. చేస్తే మనిషి ఉన్నట్టే వస్తాడు, ఉన్నట్టే వస్తే ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకోలుకి అలవాటు పడ్డ చెయ్యి అట్టముక్కను ముట్టుకోలేదు.

అలా నాలుగేళ్ళు నడిచింది. పాసు చూసేది గేటు దగ్గర మనిషి. వాచ్‌మన్‌కి కళాసీల మొహాలు తెలుసు, ఫొటో ఎలా ఉన్నా లోపలికి పంపేవాడు. ఫొటో వల్ల నష్టం ఎవరికీ కనబడలేదు.

తరవాత గేటు దగ్గర మొహం చూసే మెషిన్ పెట్టారు. దాని ముందు నిలబడితే మొహం గుర్తుపట్టి హాజరు వేస్తుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. పోల్చుకోవడానికి దానికి ప్రతివాడి ఫొటో కావాలి కదా. అందరినీ మళ్ళీ పిలిచి తీయడం ఎందుకని పాత పాసు ఫొటోలనే దానిలోకి ఎక్కించారు. నన్ను అడిగారు, "ఫొటోలు బాగున్నాయి కదా?" అని. బాగున్నాయన్నాను. అందరూ మెచ్చుకున్నవే కదా.

చాలామందికి ఇబ్బంది రాలేదు. వచ్చింది బాగా నల్లనివాళ్ళకి, అందులోనూ బొగ్గు యార్డులో పనిచేసేవాళ్ళకి. పొద్దున్న స్నానం చేసి వచ్చినప్పుడు కొందరికి హాజరు పడేది, కొందరికి పడేది కాదు. మధ్యాహ్నం బొగ్గుధూళితో బయటికి వచ్చేటప్పుడు అసలే పడేది కాదు. మెషిన్ ఎర్రదీపం వెలిగించి తెలియదనేది. వాచ్‌మన్‌కి తెలుసు. కాని వాచ్‌మన్ రాసే రిజిస్టరు ఆ నెలే ఎత్తేశారు. ఒక వెసులుబాటు మాత్రం ఉంచారు: లోపలికి వెళ్ళేటప్పుడు పడకపోయినా బయటికి వచ్చేటప్పుడు పడితే ఆ పూట హాజరు సరిచేసేవారు.

ఈ కథ ఎవరిదో ఆ కళాసీ అప్పుడే ఈ ఇబ్బంది చెప్పుకోవడానికి మొదటిసారి నా గదికి వచ్చాడు.

నలభై ఏళ్ళు ఉంటాయి. సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం. అన్నదమ్ములు ఇంకా పడవ మీదే ఉన్నారు. ఇతను మాత్రం తుఫానులో పడవ పోయాక కాంట్రాక్టు మేస్త్రీ కింద బొగ్గు యార్డులో చేరాడు. ఎడమ కనుబొమ్మ పక్కన గాలం గీరిన మచ్చ, వేలెడంత, మెరుస్తూ ఉండేది. నిదానస్తుడు. గుమ్మం బయటే చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"బాబూ, ఆ మెషీను నన్ను ఒప్పుకోట్లేదండి. ఫొటో ఇంకోటి తీత్తారేటని."

కంప్యూటర్లో అతని ఫొటో తెరిచి చూశాను. తెల్లగా, నునుపుగా ఉంది. "ఫొటో బాగానే ఉందయ్యా" అన్నాను. "మళ్ళీ తియ్యాలంటే మీ కాంట్రాక్టరు కాగితం రాసివ్వాలి."

"ఆయన రాయడండి. ఫొటో సారునే అడగమన్నాడు."

"కాగితం లేకుండా తియ్యకూడదు."

"అలగే బాబూ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు డైరీలో ఉంది: "బొగ్గు యార్డు కళాసీ, మళ్ళీ ఫొటో కావాలన్నాడు. అవసరం లేదని చెప్పాను. బీరకాయ."

రెండోసారి పది రోజులకి వచ్చాడు. ఈసారి పాసు కూడా తెచ్చి నా ముందు పెట్టాడు. "సూడండి బాబూ. ఇందులో నా మచ్చ లేదు. నాను సిన్నప్పుడు మా నాన గాలం ఇసిరితే తగిలింది, ఊరంతటికీ తెలుసు. ఈడికి మచ్చ లేదు. ఈడు నాను కాదు." అంటూ నవ్వాడు.

పక్కనున్న గుమస్తా అందుకుని, "మరేటి, సారు నీకు మచ్చ తీసేసినారు, సంతోషించు. బయట స్టూడియోలో ఐతే దానికి వేరే పుచ్చుకుంటారు" అన్నాడు. కళాసీ కూడా మర్యాద కోసం ఇంకాస్త నవ్వాడు.

మచ్చ పోయిన మాట నిజం. ట్యూబులైటు మెరుపు నుదుటి మీదా ముక్కు మీదా పడి, దాని మీద నేను తెల్లబరిచిన తెలుపు తోడై, ఆ పక్కంతా ఒకటే మెరుపైపోయింది. చూడగానే నాకు తెలిసింది తప్పు ఎక్కడుందో. ఇతని ఒక్కడిదీ మళ్ళీ తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు. ఎందుకో చెబితే నాలుగేళ్ళ ఫొటోలు మళ్ళీ తీయాలి. అప్పటికి నా రిటైర్మెంటు రెండు నెలల్లో ఉంది. "కాగితం తెచ్చుకో" అన్నాను, మళ్ళీ అదే మాట.

మూడోసారి అతను పని మధ్యలో వచ్చాడు. ఒళ్ళంతా బొగ్గు. గుమ్మం దాటి రాలేదు. "బాబూ, ఈ నెల్లో తొమ్మిది రోజులు నాను రానట్టే పడిందండి. వచ్చి పని సేసి రానట్టు. మేస్త్రీ ఇంకెవుణ్ణో పెట్టుకుంటానంటన్నాడు."

లోపల పై ఆఫీసు మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఫొటో గొడవ ఎత్తుతాడేమోనని నాకు కంగారు. అన్నాను: "ఇలా బొగ్గు మొహంతో నిలబడితే ఏ మెషిన్ మాత్రం ఏం చేస్తుంది? మొహం కడుక్కుని నిలబడు. సబ్బు పెట్టి శుభ్రంగా కడుక్కో, అదే పడుతుంది."

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. "సబ్బెట్టా" అన్నాడు, వైద్యుడు చెప్పిన మందు పేరు మళ్ళీ పలికినట్టు. "అలగే బాబూ."

ఆ రోజు డైరీ: "మొహం కడుక్కోమని సలహా ఇచ్చాను. వంకాయ, పప్పుచారు."

సలహా అని రాశాను.

మూడు వారాల తరవాత, మధ్యాహ్నం రెండింటికి మొదటి షిఫ్టు వదిలే వేళ, బొగ్గు యార్డులో ఒక కళాసీ వెనక్కి వస్తున్న టిప్పరు కింద పడ్డాడని కేక వినబడింది. గుమస్తా పరిగెత్తాడు. నేను వెళ్ళలేదు. అలాంటివి చూడలేను. అరగంట తరవాత అతను తిరిగొచ్చి, నా బల్ల మీది మంచినీళ్ళు తాగి, "మన మచ్చోడే బావా" అన్నాడు.

ఎక్కడని అడిగాను.

"కేబుల్ గొడౌను ఎనకాల కుళాయి లేదూ, అక్కడ. వంగుని మొకం కడుక్కుంటన్నాడు. కళ్ళల్లో నురగ, టిప్పరు వచ్చింది సూసుకోలేదు. మొకం మీద సబ్బు ఇంకా అలగే ఉంది. చేతిలో సబ్బు డబ్బా."

యార్డులో కళాసీలు కాళ్ళూ చేతులూ కడుక్కునే చోటు వేరే ఉంది, దూరంగా. గేటుకి దగ్గర్లో ఉన్న కుళాయి మాత్రం కేబుల్ గొడౌను వెనకాలదే. అక్కడ కడుక్కుంటే గేటు చేరేలోపు మళ్ళీ బొగ్గు పడదు. అతను ఆ లెక్క వేసుకున్నాడు. అంత లెక్క ఎందుకు వేసుకోవాల్సి వచ్చిందో ఆ రేవులో నాకొక్కడికే తెలుసు.

విచారణ పెట్టారు. కంప్యూటరు చూస్తే ఆ పొద్దున్న అతను లోపలికి వచ్చినట్టు లేదు. మెషిన్ ఎర్రదీపం వేస్తే వాచ్‌మన్ చేత్తో తోసి పంపించాడు. రోజూ అలాగే పంపేవాడు. ఆ మాట ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, అందుకని గుర్తులేదన్నాడు. అతనితో కలిసి పనిచేసిన ఇద్దరు కళాసీలు, ఉన్నాడు, మాతోనే పారపట్టాడు అన్నారు. వాళ్ళది నోటిమాట. మెషిన్‌ది రాతమాట. మరి హాజరు లేని మనిషి కేబుల్ గొడౌను వెనక ఏం చేస్తున్నాడు? ఆ రోజుల్లో రాగితీగ దొంగతనాలు జరుగుతుండేవి. ఎవరూ దొంగ అని అనలేదు. "అనుమతి లేకుండా ప్రవేశించిన వ్యక్తి" అన్నారు. విన్నవాళ్ళు మిగతాది తామే పూరించుకున్నారు.

నా వంతు మూడో రోజు వచ్చింది. పిలుపు రాకముందు గుమస్తా నన్ను వరండా చివరికి తీసుకెళ్ళాడు.

"బావా, నెల రోజుల్లో ఎల్లిపోతన్నావు. ఫొటో తప్పంటే నీ నాలుగేళ్ళ ఫొటోలూ తవ్వుతారు. నీ పేరుతో పాటు నా పేరూ ఉంటాది. ఆడు ఎలగూ తిరిగి రాడు."

"అతని భార్య అక్కడే కూర్చునుంది చూశావా?" అన్నాను.

"సూసాను. అందుకే ఇటు తీసుకొచ్చాను."

ఆమె వరండాలో నేల మీద కూర్చుని ఉంది. వచ్చే పోయే ప్రతి మనిషికీ ఒకటే మాట చెబుతోంది. "పనికెల్లాడని రాయండి బాబూ. ఇంకేటొద్దు. పనికెల్లి పోయాడని రాయండి. ఆయన అన్నదమ్ములు పేటలో తలెత్తుకోలేకపోతన్నారు." చెప్పిన మాటే చెబుతున్నా ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు.

నా చేతి సంచిలో ఆ డైరీ ఉంది. అతను నా దగ్గరికి వచ్చిన మూడు రోజుల దగ్గరా కాగితం ముక్కలు పెట్టుకున్నాను. రాత్రంతా ఆలోచించి పెట్టినవి. లోపల అధికారి చాలా మర్యాదస్తుడు. నన్ను కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు. కంప్యూటరు నా వైపు తిప్పి ఆ ఫొటో చూపించాడు.

"ఇది మీరు తీసిందేనా?"

"నేను తీసిందేనండి."

"మెషిన్ ఇతన్ని గుర్తుపట్టకపోవడానికి ఫొటోలో లోపం ఉందని అతనితో పనిచేసినవాళ్ళు అంటున్నారు. మీరు అనుభవజ్ఞులు. ఇందులో ఏమైనా లోపం ఉందా?"

సంచి నా ఒళ్ళో ఉంది. దాని మీద నా రెండు చేతులూ ఉన్నాయి. వాటిని తీయడమే పని. స్పాట్‌లో చుక్క పెట్టిన చోట మీటరు చెప్పిన వెలుగు సరిగ్గా వచ్చింది, ఫోకస్ సరిగ్గా ఉంది, చట్రం సరిగ్గా ఉంది. ఆ మాటలు నా నోటి దాకా వాటంతట అవే వచ్చేశాయి.

"సాంకేతికంగా లోపం లేదండి."

ఆయన రాసుకున్నాడు. కాగితం నా వైపు జరిపాడు. చదివాను, సంతకం పెట్టాను, టీ పూర్తిగా తాగాను. బయటికి వచ్చేటప్పుడు ఆమె నాతోనూ అదే మాట చెప్పింది. నేనెవరో ఆమెకి తెలియదు.

నెలాఖరున శాలువా కప్పి, కొబ్బరికాయ చేతికిచ్చి పంపారు. నలుగురూ మాట్లాడారు. నా పద్ధతి గురించి, డైరీల గురించి, నేను తీసిన ఫొటోల్లో కళాసీలు సినిమా హీరోల్లా ఉంటారనీ చెప్పారు. చప్పట్లు కొట్టారు.

దాదాపు ఏడాది తరవాత ఆమె నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. భర్త ఏడాది కార్యానికి గోడకి పెట్టుకునే ఫొటో కావాలి. ఇంట్లో పెళ్ళి ఫొటోలు తుఫాను నీళ్ళలో పోయాయి. ఫోన్లో ఉన్నవి అతని జేబులోని ఫోనుతో పాటే నలిగిపోయాయి. మిగిలింది పాసు ఒక్కటే. తీసినాయన దగ్గర పెద్దది ఉంటుందని గేటు దగ్గర ఎవరో చెప్పారట.

పాసు నా చేతిలో పెట్టి, "నల్లగా తీసియ్యండి బాబూ" అంది.

అర్థం కానట్టు చూశాను.

"ఇది ఆయన కాదు కదా. తెల్లగున్నాడు. పిల్లలు సూసి ఎవుర్దమ్మా ఇది అంటన్నారు. ఆయన నలుపు. ఇక్కడ మచ్చుండాల. మీరు తీసినారు కాబట్టి మీ దగ్గర అసలుది ఉంటాది."

గుమస్తాని అడిగి అసలు ఫొటో తెప్పించుకున్నాను. మూడు రోజులు కంప్యూటరు ముందు కూర్చున్నాను. వెలుగు తగ్గిస్తే దుప్పటి బూడిదైంది, మొహం మట్టిరంగైంది, కళ్ళు చచ్చిపోయాయి. మనిషి మాత్రం నల్లబడలేదు. మచ్చ ఉండాల్సిన చోట ఎంత దించినా తెల్లగా, చదునుగా, కాగితంలాగే ఉండిపోయింది. చీకటిలో పడ్డ ఫొటోని ఎంతో కొంత పైకి తేవచ్చు, అందులో ఏదో ఒకటి దాగి ఉంటుంది. వెలుగులో కాలిపోయిన చోట ఏమీ ఉండదు. ఆ మచ్చ నా కెమెరాలో అసలు పడనే లేదు. మొదట్లో నేను తీసిన నల్ల ఫొటోల్లో ఒకటి అతనిదై ఉంటే ఈపాటికి బయటికి తీసి ఉండేవాణ్ణి.

నాలుగో రోజు డైరీ సంచిలో పెట్టుకుని పాత ఆఫీసుకి వెళ్ళాను. సెక్షన్ ఇప్పుడు గుమస్తా చూస్తున్నాడు. అంతా చెప్పాను. ఫైలు తెరిపించమన్నాను. అతను తలుపు దగ్గరికి వేసి ఆ ఫైలే తీసి, ఒక పేజీ నా ముందు పెట్టాడు. "సాంకేతికంగా లోపం లేదు." కింద నా సంతకం, గుండ్రంగా, తొణుకూ బెణుకూ లేకుండా.

"దీని మీదే మూసేసారు బావా. ఇప్పుడు నువ్వొచ్చి లోపం ఉందంటే, అప్పుడు అబద్ధం సెప్పావా, ఇప్పుడు సెప్తన్నావా అంటారు. నీ డైరీ నువ్వు రాసుకున్నది. దానికి సాచ్చెం ఎవుడు?"

"నువ్వున్నావు కదా. అతను వచ్చినప్పుడు పక్కనే ఉన్నావు."

అతను ఫైలు మూసి బీరువాలో పెట్టేశాడు. "నాకు ఇంకా పద్నాలుగేళ్ళు సర్వీసుంది బావా" అన్నాడు. అతన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. నాకు ఒక్క నెలే ఉండింది.

ఐనా ఒక అర్జీ రాసి లోపల ఇచ్చి వచ్చాను. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు. గేటు దగ్గర మెషిన్‌లో మాత్రం ఫొటోలన్నీ కొత్తవి ఎక్కించారట. ఈ కాలపు కుర్రాడెవరో తీశాడట, మొహాలు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయని విన్నాను.

అక్కడి నుంచి నేరుగా జాలర్లుండే వాళ్ళ పేటకి వెళ్ళాను. ఆమె ఇంటి ముందు నీడలో కూర్చుని ఎండు చేపలు గంపల్లోకి ఏరుతోంది. పీట వేసింది. ఫొటో రాలేదని చెప్పి పాసు తిరిగి ఇచ్చాను. ఎందుకు రాదో చెప్పాను. ఆమె కోప్పడలేదు. పాసును చెంగుతో తుడిచి పక్కన పెట్టుకుంది.

"పోనీలెండి. మీరూ సేసి సూసారు" అంది. తరవాత చేపలు ఏరుతూనే, "నాకు ఒక్కటే తెలీట్లేదు బాబూ. ఇంటికొచ్చి తానం సేసేవోడు కదా, అక్కడెందుకు మొకం కడుక్కోవడం? పొద్దున కూడా సబ్బెట్టి రెండుసార్లు కడిగేవోడు. ఎవుర్తికోసమేటి సింగారం, పెళ్ళికొడుకులాగ, అని ఆటపట్టించేదాన్ని. నవ్వేసి పోయేవోడు. సెప్పేవోడు కాదు. పేటలో ఆడోళ్ళు ఇప్పుడు ఏటేటో అంటన్నారు. సబ్బేటి, గొడౌనేటి అని."

అప్పుడు చెప్పాను. మూడుసార్లు వచ్చాడని చెప్పాను. మచ్చ చూపించాడని చెప్పాను. మొహం కడుక్కో, సబ్బు పెట్టి కడుక్కో అన్నది నేనేనని చెప్పాను. ఆ రోజు లోపల అధికారి అడిగినప్పుడు ఏమన్నానో కూడా చెప్పాను. డైరీ తీసి పేజీలు చూపించబోయాను. ఆమెకి చదువు రాదని గుర్తొచ్చి మూసేశాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. గంపలో ఉన్న చేప ఒకటి తీసి మళ్ళీ గంపలోనే పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఇప్పుడు ఆ కాగితంలో ఇది రాత్తారా?"

"రాయరమ్మా. నేను అడిగే వచ్చాను."

"పనికెల్లాడని రాయరా?"

"రాయరు."

ఆమె నా మొహంలోకి చూసింది. అంత తిన్నగా నన్ను ఏ మెషినూ చూడలేదు.

"మరి నాకెందుకు సెప్పినారు బాబూ?" అంది.

లేచి వచ్చేశాను. ఆ రోజు డైరీలో ఆమె అడిగిన మాట ఒక్కటే రాశాను. దాని కింద గీతలన్నీ ఖాళీగా ఉన్నాయి.